బాపు అడిగిన జాగ

పక్షవాతం వచ్చిన భిక్షపతి నోట ఒకే ఒక్క మాట మిగిలింది. "జాగ." కూతురు కృప నీళ్లు తాగించినా అదే, డాక్టరు పేరు అడిగినా అదే.

సిద్దిపేట దవాఖానలో ఆ మాట వినగానే కొడుకు యాదగిరి ముఖం మారిపోయింది. దౌల్తాబాద్‌లో రోడ్డు పక్కనున్న ఇంటి జాగ కాడ అన్నాచెల్లెళ్లకు మాటలు బందయి ఏడాది దాటింది.

"ఇన్నవా? జాగ నాకే అంటుండు."

"నీకని ఎప్పుడన్నడే అన్నా? నన్ను జూసి అంటుండు."

భిక్షపతి కళ్ల వెంట నీళ్లు కారాయి. కృప కొంగుతో తుడిచింది గాని పంతం విడువలేదు. ఆయన బాగున్న చేత్తో మంచం పట్టీ పట్టుకుని అంచుకు జరుగుతుంటే, పడిపోతాడని ఇద్దరూ కలిసి మళ్లీ నడిమికి లాగారు.

మరునాడు యాదగిరి ఊరికి పోయాక, పక్క మంచం మీది ముసలామె రజియాబీ అడిగింది.

"బేటీ, మీ బాపు ఏం జాగ అడుగుతుండు?"

"ఇంటి జాగ."

"ఇల్లు గట్టేదే జాగనా? అది మా ఉర్దూ మాట, జగహ్. మీ నోట్ల పడి జాగ అయింది. బస్సుల జర జరిగి జాగ ఇయ్యమంటరు సూడు, అదీ జాగనే. మీరొచ్చినప్పుడల్లా ఆయన ఎందుకు జరుగుతుండో సూసిన్రా?"

కృప గబుక్కున తండ్రి మంచం దగ్గరికి వచ్చింది. ఆయన మళ్లీ అంచుకు జరిగాడు. పక్కన ఒక మనిషి కూర్చునేంత ఖాళీ. "జాగ," అన్నాడు. చిన్నప్పుడు గొంగడి మీద ఇద్దరినీ చెరో పక్క పడుకోబెట్టుకున్న మనిషి. కృప ఆ ఖాళీలో కూర్చుంది. ఆయన చెయ్యి ఆమె ఒళ్లో వాలింది. కాసేపటికి నిద్ర పట్టింది.

ఆమె ఫోన్ చేసింది. "అన్నా, ఇంటి జాగ నువ్వే తీస్కో. బాపు నిన్ను రమ్మంటుండు. జల్ది రా."

యాదగిరి వచ్చేసరికి భిక్షపతి పోయాడు. జరిగిందంతా కృప చెప్పింది.

"నేనొచ్చినప్పుడు గూడ జరిగిండా?"

"వచ్చిన ప్రతిసారి జరిగిండన్నా. మనమే గుంజినం."

యాదగిరి మంచం పట్టీ మీద తల ఆనించాడు. "బాపూ, ఒక్కసారి జరుగవే," అన్నాడు. అన్నదే అంటూ ఉన్నాడు. కృప అతని వీపు మీద చెయ్యి వేసి, తానూ కూలబడింది.