బాత్రూం బిళ్ళ

నా భయం ఒక్కటే. నేను ఒట్టి మనిషిని కాదని కంపెనీకి తెలిసిన రోజే నన్ను గేటు బయట నిలబెడతారని. చావంటే కూడా ఇంత భయం లేదు. చచ్చిపోతే నా రెండేళ్ళ కూతురికి పాలెవరు పోస్తారన్న ఆలోచన రాదు కదా. పని పోయి బతికుంటే ఆ ఆలోచన తప్ప ఇంకొకటి రాదు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో చేరిన నాలుగో రోజున కళ్ళారా చూశాను. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆవిడని సూపర్‌వైజరు పిలిచి, హాలంతా వింటుండగా అడిగాడు.

"ఎన్నో నెల?"

ఆవిడ తల వంచుకుంది.

"సిగ్గెందుకమ్మా, శుభమేగా. ఇంటికెళ్ళి హాయిగా పురుడు పోసుకో. తర్వాత సంగతి తర్వాత."

ఆవిడ చేరి ఐదు నెలల ఇరవై రోజులు. ఇంకో పది రోజులు గడిస్తే పర్మినెంటు కార్డు చేతికొచ్చేది. కార్డున్నవాళ్ళకి కాన్పు సెలవు ఇచ్చి తీరాలి. లేనివాళ్ళని పొమ్మంటే పోవడమే. ఆవిడ డబ్బా సర్దుకుని, ఇస్త్రీపెట్టె స్విచ్చి కూడా తనే తీసి వెళ్ళింది.

అతనికెలా తెలిసింది? బిళ్ళ చెప్పింది. ఇస్త్రీవాళ్ళకొకటి, మా లైనుకొకటి బాత్రూం బిళ్ళ. మా లైనులో ముప్ఫై ఎనిమిది మందిమి, అందరికీ కలిపి ఆ ఒకటే. అరచేయంత ఎర్ర ప్లాస్టిక్ ముక్క, గోడ మేకుకి వేలాడుతుంది. పక్కనే అట్టకి కట్టిన కాగితం. బిళ్ళ తీసుకునే ముందు మన నంబరు ఎదురుగా మనమే ఒక గీత గీయాలి. శనివారం సూపర్‌వైజరు ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటాడు. ఏ నంబరుకి గీతలు పెరిగితే సోమవారం నుంచి ఆ మనిషి పొట్ట మీదే అతని చూపు. నాడి పట్టకుండానే కడుపు చెప్పే డాక్టరు అని మావాళ్ళు నవ్వుకునేవారు.

నేను చేరేటప్పటికి నాకే తెలియదు. చేరిన రెండు వారాలకి తెలిసింది. ఆ రాత్రి నుంచి ఇంట్లో ఒకటే చర్చ.

"ముందే చెప్పెయ్. దాచావని తెలిస్తే ఇంకా మీదపడతారు" అన్నాడు మా ఆయన.

"ముందే చెబితే పూలదండ వేస్తారేంట్రా? కార్డు చేతికొచ్చాక చెప్పుకుంటుంది" అంది అత్తయ్య, పిల్లకి అన్నం పెడుతూ.

నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని. అయినా ఆ నెలల లెక్క బస్సులో రోజూ వేసుకునేదాన్ని. కార్డు వచ్చేసరికి ఏడో నెల పడుతుంది. ఏడో నెల పొట్టని ఏప్రాను ఎంతకని దాస్తుంది?

మూడో నెలలో వేవిళ్ళు పట్టుకున్నాయి. కూతురప్పుడు ఇలా లేదు. మిషన్ నూనె వాసన తగిలితే చాలు, కడుపులోంచి తన్నుకొచ్చేది. ఒక పొద్దున మూడోసారి లేచాను. గుండీల మిషన్ మీద ఉండే పెద్దావిడ, మేమంతా గుండీలక్క అని పిలిచే మనిషి, కాగితం దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"అజీర్ణమని నాకు చెప్పకు. ముగ్గుర్ని కన్నదాన్ని."

నేను కాగితంలో నా నంబరు వెతుక్కున్నాను.

"నా నంబరు మీద గీసిపో. నాకు కార్డుంది. ఈ వయసులో నాకు కడుపని రాసుకుంటే రాసుకోనీ. పైనున్న మా ఆయన దిగొచ్చి మరీ సంతోషిస్తాడు."

రెండు రోజుల్లో వరసంతా చేయి కలిపింది. అందరికీ తలగుడ్డలే, మూతికి మాస్కులే. దూరం నుంచి ఎవరు లేచారో సూపర్‌వైజరుకి తెలియదు. కార్డున్న ఆరుగురి నంబర్లే వాడాలని గుండీలక్క గట్టిగా చెప్పింది. కానీ నా పక్క మిషన్ పిల్ల, మేం గువ్వ అని పిలిచే పంతొమ్మిదేళ్ళది, "నాది కూడా పెట్టుకో అక్కా" అంది. మేం ఒప్పుకున్నాం. పెళ్ళి కాని పిల్లని ఎవరు అనుమానిస్తారు అనుకున్నాం. మా తెలివి అంతవరకే నడిచింది. పైగా కాగితంలో ఆమె నంబరు నా నంబరుకి పైనే ఉండేది. వాంతి గొంతు దాకా వచ్చినప్పుడు నా చెయ్యి అక్కడే పడేది.

సోమవారం పిలుపు గువ్వకి వచ్చింది.

"పెళ్ళెప్పుడయింది? మమ్మల్ని పిలవనేలేదు" అన్నాడు సూపర్‌వైజరు. వెనక ఆఫీసు నర్సు ప్లాస్టిక్ కప్పు పట్టుకుని నిలబడింది. "పరీక్ష చేయించుకో. లేదంటే ఇక్కడ సంతకం పెట్టి పో."

"చేయించుకోను" అంది గువ్వ. ఆ పిల్ల గొంతు హాలంతా వినడం అదే మొదటిసారి.

పరీక్ష చేయించుకుంటే ఆమె మీద అనుమానం పోయేది. సంచీ తీసుకోవడానికి నా పక్కకొచ్చి వంగినప్పుడు చెప్పింది. "నేను కాదని తేలితే మరెవరని వెతుకుతారు. నువ్వు నోరు మెదపకు." సంతకం పెట్టకుండా వెళ్ళి గేటు బయట కూర్చుంది.

భోజనాల వేళ పీలికలు పోసే గదిలో కూడాం. నేను డబ్బా మూత కూడా తియ్యలేదు.

"ఎవరి కడుపు వాళ్ళు మోసుకోవాలి" అంది కాలర్లు కుట్టే వదిన. ఆమె అందరికీ వదినే. "మా ఇంట్లో నా ఒక్కదాని చేతుల మీద నాలుగు నోళ్ళు. కోపం తెచ్చుకోకండి, ఉన్నమాట అంటున్నా."

"ఆ పిల్ల మీద పడ్డ మాట నీ కూతురి మీద పడితే?" ఎవరో అన్నారు.

"నా కూతుర్ని ఎందుకు లాగుతావే మధ్యలో?"

గొడవ ముదిరింది. నేను లేచాను. "ఎవరూ తిట్టుకోకండి. ఇప్పుడే వెళ్ళి నేనని చెప్పేస్తాను."

"చెప్పు" అంది గుండీలక్క. "నిన్నూ పంపుతారు. గువ్వని వెనక్కి పిలుస్తారా? దొంగ గీతలు గీయించిందని ఇంకో కాగితం రాస్తారు."

"మరెప్పుడు చెప్పాలక్కా?"

"మూడో నెలలోనా, ఏడో నెలలోనా అని ఇన్నాళ్ళూ నలిగిపోయావు. ఏ నెలలో చెప్పినా ఒక్కదానివే చెబితే గేటు బయటికే. నువ్వు నోరు తెరిచే సమయానికి ఎన్ని మిషన్లు ఆగి ఉంటాయో అది చూసుకో."

వదిన చెయ్యి కడుక్కుంటూ అంది. "ఆపేదేదో నాతోనే మొదలుపెట్టండి. నాది రోజూ ఎలాగూ మొరాయిస్తుంది."

రెండు గంటలకి ఆపాం. ఎప్పుడూ ఆగని చోట చప్పుడు ఆగిపోతే చెవులు నొప్పెడతాయని అప్పుడు తెలిసింది. సూపర్‌వైజరు విజిల్ ఊదాడు. ఎవరూ తలెత్తలేదు. మళ్ళీ ఊదాడు. మేనేజరు మెట్లు దిగి వచ్చాడు, నర్సుని తీసుకుని, ఒక అట్టపెట్టె నిండా కప్పులతో.

"అందరికీ పరీక్ష" అన్నాడు మెత్తగా. "తప్పు చేసింది ఒక్కరు. వాళ్ళెవరో తేలిపోతుంది. మిగతావాళ్ళని మేమేం అనం, పని చేసుకోవచ్చు."

ఒక్కో మిషన్ మీద ఒక్కో కప్పు పెట్టించాడు. ఒక్కరు కప్పు తీసుకుని బాత్రూం వైపు నడిస్తే చాలు, వెనకే మిగతావాళ్ళూ నడుస్తారు. మేనేజరుకి అది తెలుసు. మాకూ తెలుసు.

వదిన లేచింది. కప్పు తీసుకుంది. తిన్నగా సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వెళ్ళి దాన్ని బోర్లించి, వచ్చి కూర్చుంది. తర్వాత గుండీలక్క. తర్వాత నిన్నగాక మొన్న చేరిన ఇద్దరు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో నేను చూడలేదు. బల్ల మీద చోటు చాలక కప్పులు ఒకదాని మీద ఒకటి బోర్లించారు. చివరిది నాది.

ధైర్యవంతురాలినని చెప్పుకోను. బల్ల అంచు పట్టుకునే మాట్లాడాను.

"ఆ గీతలు నావి సార్. నాకు మూడో నెల. చేరాక నేను కుట్టింది ఒక్కటి వెనక్కి రాలేదు, కావాలంటే చూసుకోండి. గువ్వ లోపలికి రావాలి. నేను బయటికి పోను. ఆ బిళ్ళ ఇంక గోడ మీద ఉండకూడదు."

"దాచిపెట్టి పనిలో చేరావు. ఇది మోసం" అన్నాడు మేనేజరు.

"ఈ పిల్ల కడుపేమన్నా కంపెనీ సరుకా సార్, లోపలికొచ్చేటప్పుడు గేటు దగ్గర చూపించడానికి?" అంది గుండీలక్క వెనక నుంచి.

లైనంతా నవ్వింది. ఆ నవ్వుకే మేనేజరు మొహం నల్లబడింది.

ఆ సాయంత్రం ఇస్త్రీవాళ్ళు ఆపారు. మర్నాడు కత్తిరింపు గది ఆగింది. మూడో రోజు గువ్వని లోపలికి రమ్మన్నారు. బిళ్ళని మేకుతో సహా పీకేశారు. నా సంగతి మాత్రం తేల్చలేదు, పైవాళ్ళని అడగాలన్నారు. తేలేదాకా లేవమని గేటు ముందుకొచ్చి కూర్చున్నాం. నాలుగో రోజు పొద్దున్నే పోలీసు వ్యాను వచ్చింది. మిషన్లు పగలగొట్టిందని గుండీలక్కని తీసుకెళ్ళారు. ఒక్క మిషన్‌కి ఒక్క సూది కూడా విరగలేదు. వ్యాను ఎక్కుతూ ఆవిడ మాతో అన్నది ఒక్కటే. "ఎవరూ లేవకండి."

లేవలేదు. మిషన్లు ఆపి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. నాకు నాలుగో నెల వచ్చింది. గేటు ముందు గువ్వ నా పక్కనే కూర్చుంది, వదిన నా కూతుర్ని ఒళ్ళో పెట్టుకుంది, ఈ కాగితం నేను రాస్తున్నాను.

గుండీలక్కకి ఉబ్బసం ఉంది. పీల్చుకునే మందు మిషన్ సొరుగులో వదిలేసి వెళ్ళింది. పట్టుకెళ్ళి పోలీసు స్టేషన్‌లో ఇచ్చాం. ఇస్తాంలే అని బల్ల మీద పడేశారు. అందిందో లేదో చెప్పడం లేదు. మేం వెళ్తే గుమ్మంలోంచే తరిమేస్తున్నారు. ఇది చదివే మీరు ఏ ఫ్యాక్టరీవాళ్ళయినా, ఏ కాలేజీ పిల్లలైనా, ఆ స్టేషన్ దారిన పోతే ఒక్కసారి లోపలికి వెళ్ళి అడగండి, గుండీలు కుట్టే ఆవిడకి మందు అందిందా అని. మీ వెనక వచ్చేవాళ్ళని కూడా అడగమనండి. రోజుకి పదిమంది అడిగితే వాళ్ళు ఆవిడకి ఊపిరి ఆగనివ్వరు. ఆవిడ నోటితోనే ఊఁ అనేదాకా అక్కడి నుంచి కదలకండి.