ఎడమ బీరువాలో ఒక్క కాల్

ఆ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మిషన్ల గది ఎంత చల్లగా ఉండేదంటే, దారితప్పి లోపలికొచ్చిన దోమ కూడా కుట్టే సంగతి మర్చిపోయి ఏ మూలనో ముడుచుకుని పడుకునేది. ఆ చలిలో శాలువా కప్పుకుని తెర ముందు కూర్చునే ఇంజనీరుని అందరూ స్విచ్చమ్మ అనేవారు. ఊళ్ళో ఫోన్లన్నిటినీ కలిపే మిషను ఆవిడ మాటే వింటుందని ప్రతీతి. కోపమొస్తే కన్నతల్లి కూడా "ఏమేవ్ స్విచ్చమ్మా!" అనే పిలిచేది.

ఆ రోజు మిషనుకి పాత ప్రోగ్రాము తీసేసి కొత్తది ఎక్కించాలి. ఊళ్ళో ఒక్క ఫోనూ తెగకూడదు. అంటే, పరిగెత్తేవాడి కాళ్ళకి వాడు పరిగెడుతుండగానే చెప్పులు మార్చాలన్నమాట. పైగా వాడికి తెలియకూడదు.

దానికో ఉపాయం ఉంది. గదిలో రెండు ఇనప బీరువాలుండేవి, కవలపిల్లల్లా. ఒకటి పనిచేస్తుంటే రెండోది పక్కనే తోడు నిలబడి ఉంటుంది, మొదటిది కూలబడితే అందుకోడానికి. ముందు కుడి బీరువాకి కొత్త ప్రోగ్రాము పెట్టి లేపారు. ఇక అప్పట్నించి ఎవరు కొత్తగా ఫోను చేసినా అది కుడి బీరువాలోంచే పోతుంది. అప్పటికే మాట్లాడుకుంటున్నవాళ్ళని మాత్రం కదపరు. వాళ్ళు పాత ఎడమ బీరువాలోనే తనివితీరా మాట్లాడుకుని, వాళ్ళంతట వాళ్ళే పెట్టేయాలి. ఆఖరివాడు పెట్టేశాక ఎడమదానికీ కొత్తది ఎక్కిస్తారు. అందుకే ఊరంతా భోంచేసి కునుకు తీసే మధ్యాహ్నం వేళ చూసుకున్నారు.

ఎడమ బీరువాలో కాల్స్ ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. టెస్టు బల్ల దగ్గర మీటరు మావయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన అక్కడ అందరికీ మావయ్యే, పై అధికారికి కూడా. ఏ లైను మీదైనా మాట నడుస్తోందో లేదో ఆయన ముందున్న మీటరులోని రెండు ముళ్ళు చెబుతాయి, ఈ చివరికొకటి, ఆ చివరికొకటి. మాటలు వినడం నేరం. ముల్లు చూడడం ఉద్యోగం.

"ఇదిగో అమ్మాయ్, ఈ లైను చూడు. పెళ్ళై చాలా ఏళ్ళైన జంట."

"ఎలా తెలిసింది మావయ్యా?"

"ఒక ముల్లే ఊగుతోంది. రెండోది అప్పుడప్పుడూ ఊ కొడుతోంది."

స్విచ్చమ్మ నవ్వు ఆపుకుని తెర చూసింది. ఆ జంట కూడా పెట్టేశారు. ఇంక మిగిలింది ఒకే ఒక్క కాల్.

తెర మీద ఆ కాల్ రెండు నంబర్లూ కనిపించాయి. ఆవిడ కుర్చీ తెరకి దగ్గరగా జరుపుకుంది. మొదటిది తన ఇంటి నంబరు. రెండోది పిన్నిది.

ఇక్కడ ఆ అక్కచెల్లెళ్ళ సంగతి చెప్పాలి. స్విచ్చమ్మ వాళ్ళ అమ్మా, పిన్నీ ఒకప్పుడు ఫోనెత్తారంటే తీగ వేడెక్కి, దానిమీద వాలిన కాకులు కాలు మార్చి కాలు పెట్టేవి. పిన్ని అక్కడ నవ్విందంటే ఇక్కడి దాకా స్తంభాలన్నీ వరసగా ఊగేవి. అలాంటివాళ్ళు ఒకరోజు వాళ్ళమ్మ కుట్టుమిషను ఎవరింట్లో ఉండాలన్న దాని మీద మాటామాటా అనుకుంటుండగా, ఎక్స్ఛేంజీవాళ్ళు ప్రోగ్రాము మార్చడానికి మిషను మొత్తం ఆపేశారు. స్విచ్చమ్మ ఇంకా ఉద్యోగంలో చేరని రోజులవి, అప్పటి పద్ధతి అంతే. మాట మధ్యలో టప్పున తెగింది. చెల్లెలు తన మొహాన ఫోను కొట్టిందని అక్క అనుకుంది. అక్క తన మొహాన కొట్టిందని చెల్లెలు అనుకుంది. ఆ తర్వాత పలకరింపుల్లేవు. ఒకరి పేరు ఒకరి ఇంట్లో వినపడితే చేతిలో గిన్నె చప్పుడయ్యేది.

తెంపింది మిషనని స్విచ్చమ్మ ఇద్దరి దగ్గరా నెత్తీ నోరూ కొట్టుకుంది. "మిషను తెంపితే తెంపింది. మళ్ళీ చెయ్యడానికి తనకేం రోగం?" అని ఇద్దరూ అదే మాట, అదే గొంతుతో.

ఆ పొద్దున బట్టలు మడతపెడుతున్న అమ్మతో స్విచ్చమ్మ గొప్పగా అంది కూడా. "ఇవాళ ప్రోగ్రాము మారుస్తున్నానమ్మా. ఈసారి ఎవరి ఫోనూ తెగదు."

"తెగదూ?"

"నా మాట నమ్ము."

"ఏమో, మీ మిషన్లనెవరు నమ్ముతారు" అంటూ అమ్మ మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెట్టింది. స్విచ్చమ్మ అప్పుడది పట్టించుకోలేదు.

"అమ్మాయ్," అన్నాడు మీటరు మావయ్య, "ఈ ఆఖరి లైనులో ఎవరూ లేరు. రెండు ముళ్ళూ పడుకున్నాయి. ఎవరో రిసీవరు సరిగ్గా పెట్టలేదు."

"ఉన్నారు మావయ్యా. సరిగ్గా చూడు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని ముళ్ళ మీదకి వంగాడు. ముళ్ళు నిజంగా పడుకోలేదు. వెంట్రుకవాసి పైకి, వెంట్రుకవాసి కిందికి. ఒకటి లేచినప్పుడు ఒకటి దిగుతోంది.

"ఇదేంటి? ఊపిరా?"

"మా అమ్మది. అదేమో మా పిన్నిది."

మావయ్య కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఆ ఇంటి గొడవ ఎక్స్ఛేంజీలో తెలియనివాళ్ళు లేరు. "ఎంతసేపట్నించి?"

"మనం కుడి బీరువా లేపకముందు నించీ. అమ్మ చేసుంటుంది. పిన్ని ఎత్తుంటుంది. ముందు నువ్వు మాట్లాడంటే నువ్వు మాట్లాడని ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారు."

అంతలో పెద్ద సారు లోపలికొచ్చాడు. ఆయన కంగారు మనిషి. కంగారు పడ్డప్పుడల్లా చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటాడు, ఆ మంచుగదిలో కూడా.

"ఇంకా ఖాళీ కాలేదా? ఒక్క కాలేగా? తెంపేయండి!"

"తెంపనని మాటిచ్చాం కదా సార్."

"మాటలు నడుస్తుంటే తెంపం. ఇక్కడ మాటల్లేవుగా? కాసేపట్లో కొట్లు తీస్తారు, ఊరంతా ఫోన్ల మీద పడుతుంది. ఇప్పుడు ఊరు మొత్తం కుడి బీరువా ఒక్కదాని మీదే నడుస్తోంది. ఒంటికాలి మీద! కొత్త ప్రోగ్రాము, అదేమైనా తూలిందంటే పట్టుకోడానికి పక్కన ఎవరూ లేరు. ఆసుపత్రి లైను కూడా దాని మీదే ఉంది."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అదే స్విచ్చమ్మని నమిలేస్తోంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ కాలైతే తను ఈపాటికి ఏం చేసేదో? ఇద్దరు మనుషులు ఒక్క మాటా లేకుండా ఫోను పట్టుకు కూర్చుంటే అది కాలా, కాదా? ఎడమ బీరువా మాత్రం దాన్ని కాల్ కిందే లెక్కేసుకుంది. మాటలెన్నని అదెప్పుడూ అడగదు, అటూ ఇటూ మనిషి ఉన్నాడా లేదా అన్నదే చూస్తుంది. ఇన్నేళ్ళూ అమ్మా పిన్నీ మాట్లాడుకోకుండానే ఉన్నారు. కానీ ఆ మాట్లాడకపోవడం వేరు, ఈ మాట్లాడకపోవడం వేరు. ఇప్పుడు ఒకరి ఊపిరి ఒకరు వింటున్నారు.

"నేను సైకిలేసుకుని మీ ఇంటికెళ్ళి అక్కయ్యగారిని పెట్టేయమంటా," అన్నాడు మావయ్య.

"అమ్మ ముందు పెడితే అమ్మ మళ్ళీ మొహాన కొట్టినట్టు. పిన్ని పెడితే పిన్ని కొట్టినట్టు. మనం తెంపితే ఇద్దరూ కొట్టినట్టు. ఈసారి తెగిందంటే వాళ్ళు ఇంక ఒకరి చావుకొకరు కూడా వెళ్ళరు."

పెద్ద సారు మెడ తుడుచుకోవడం ఆపాడు. ఆయనకీ మాటల్లేని అన్నగారొకడున్నాడు. "మరేం చేద్దామంటావు?"

"కాల్‌ని కాల్‌లాగే ఎత్తి కుడి బీరువాలో పెడదాం."

ఆ పని మిషను చేయగలదని తయారుచేసినవాళ్ళు చెప్పారుగానీ, నిజం కాల్ మీద వాడొద్దన్నారు. ఎవరు ఎవరితో ఏ దారిలో కలిశారన్న వివరమంతా ఈ బీరువా జ్ఞాపకంలోంచి ఆ బీరువా జ్ఞాపకంలోకి ఎక్కించాలి. ఆ కాసింతసేపు లైను గాల్లో వేలాడుతుంది. కుదిరితే కుదిరినట్టు, లేకపోతే తెగినట్టు.

"ముందు మన మీద చూద్దాం," అంది స్విచ్చమ్మ.

గదిలో రెండు టెస్టు ఫోన్లున్నాయి. వాటిని ఎడమ బీరువా మీద కలిపి, ఒకటి పెద్ద సారు చేతికిచ్చింది, ఒకటి మావయ్యకిచ్చింది. "ఆపకుండా మాట్లాడు మావయ్యా."

మావయ్యకి ఆ మాట చాలు. తను పడుచువాడిగా ఉన్నప్పుడు తుఫాన్లో స్తంభమెక్కి తెగిన తీగ రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకున్నాననీ, ఊరి మాటలన్నీ తన ఒంట్లోంచే పోయాయనీ, అందుకే ఎవరింటి గుట్టైనా తనకి తెలుసనీ మొదలెట్టాడు. స్విచ్చమ్మ మీట నొక్కింది.

"టిక్కుమంది," అన్నాడు పెద్ద సారు. "ఒక ముక్క మింగేసింది. పట్టుకున్నది తీగో తోకో వినపళ్ళేదు."

"మిగతాది?"

"మిగతాది దురదృష్టవశాత్తూ అంతా వినపడింది."

"మాట్లాడేవాళ్ళకైతే ముక్క పోతుంది సార్. వీళ్ళకి పోడానికి ముక్కేదీ?"

పెద్ద సారు టెస్టు ఫోను పెట్టేశాడు. "మీ అమ్మగారి కాల్. నువ్వే ఆలోచించుకో."

స్విచ్చమ్మ శాలువా తీసి కుర్చీ మీద వేసింది. రెండు నంబర్లూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది, చిన్నప్పట్నించీ నోటికొచ్చిన నంబర్లే అయినా. అమ్మ ఇప్పుడు గోడవారగా స్టూలు మీద కూర్చుని ఉంటుంది, తీగ వేలికి చుట్టుకుంటూ. పిన్ని కూడా అలాగే చుట్టుకుంటుంది. ఆ అలవాటు ఎవరి దగ్గర్నించి ఎవరికొచ్చిందో వాళ్ళకే తెలీదు.

నొక్కింది.

ఎడమ బీరువా మీద ఆఖరి దీపం ఆరిపోయింది. కుడిదాని మీద వెలగాల్సిన దీపం వెలగలేదు. మావయ్య ముందున్న ముళ్ళు రెండూ చచ్చినట్టు పడిపోయాయి. ఊపిరి కూడా లేదు. గదిలో ముగ్గురూ కూడా ఊపిరి మర్చిపోయారు. ఆ రెప్పపాటులో స్విచ్చమ్మ తల్లికి చెప్పాల్సిన క్షమాపణలన్నీ వరసగా పేర్చుకుంది, పిన్నికి చెప్పాల్సినవి మొదలెట్టింది కూడా.

దీపం వెలిగింది.

వెలిగిందో లేదో, రెండు ముళ్ళూ ఒక్కసారిగా లేచి అవతలి గోడకి కొట్టుకున్నాయి. మీటరు అద్దం పగిలి మావయ్య కళ్ళజోడు మీద పడిందని ఆ తర్వాత చాలాకాలం ఆయన చెప్పుకున్నాడుగానీ, అద్దం అలాగే ఉంది.

"లేచాయి తల్లీ! రెండూ!"

"టిక్కుమనేసరికి అవతల పెట్టేసిందేమోనని హడలిపోయుంటారు," అంది స్విచ్చమ్మ. "ఉన్నావా అని ఇద్దరూ ఒకేసారి అరిచుంటారు."

ముళ్ళు ఆగలేదు. ఒకటి దిగకముందే ఒకటి లేస్తోంది. ఒక్కోసారి రెండూ కలిసే ఊగుతున్నాయి, ఎవరి మాటా ఎవరూ వినిపించుకోనప్పుడు ఊగినట్టు. మావయ్య చెయ్యి మెల్లగా హెడ్‌ఫోన్ వైపు పాకింది. స్విచ్చమ్మ ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"వినడం నేరం మావయ్యా."

"ఒక్క ముక్కే!"

"నేనే వినట్లేదు. నువ్వు వింటావా?"

పెద్ద సారు ఎడమ బీరువా ఖాళీ అయిందని అరిచి చెప్పాడు, పక్కనున్నది వాళ్ళిద్దరే అయినా. కొట్లు తెరిచేలోపు దానికీ కొత్త ప్రోగ్రాము ఎక్కింది. ఊరికి రెండు కాళ్ళూ వచ్చాయి. పని ముగిసినా పెద్ద సారు ఇంటికి బయల్దేరలేదు. తన గదిలో తలుపేసుకుని ఎవరికో ఫోను చేసుకున్నాడు.

స్విచ్చమ్మ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఇంట్లో దీపం పెట్టలేదు, పొయ్యి వెలిగించలేదు. గోడవారగా స్టూలు మీద అమ్మ. కూతుర్ని చూసి రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమేవ్ స్విచ్చమ్మా! తెగదన్నావుగా? మధ్యలో టిక్కుమంది!"

"తెగిందా?"

"తెగలేదనుకో. నా గుండె ఆగింది. ముందు ఇది తేల్చు. హలో అని ముందు అన్నది నేనా, అదా? మీ మిషనుకి తెలుస్తుంది కదా?"

రిసీవరులోంచి పిన్ని గొంతు చెయ్యి అడ్డున్నా దూసుకొచ్చింది. "నేనే అన్నాను! అడుగు దాన్ని, అబద్ధం చెప్పదు నా కూతురు!"

"రెండు ముళ్ళూ ఒకేసారి లేచాయమ్మా," అంది స్విచ్చమ్మ.

"ఒకేసారెలా లేస్తాయి? ముళ్ళకేం తెలుసు?" అని అమ్మ చెయ్యి తీసేసి ఫోనుకి తిరిగింది. "విన్నావా, నేనే ముందంట!"

స్విచ్చమ్మ లైటు వేసి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. కూరగాయలు తరుగుతూ తలుపు దగ్గరగా వేయబోయి, మళ్ళీ తెరిచే ఉంచింది.