నైరుతి మూల బోరు

మా మెట్టుగూడ చర్చివాళ్ళకు వాస్తు మీద నమ్మకం లేదు. ఆ మాట అబ్రహాం అంకుల్ కమిటీ మీటింగులో మూడుసార్లు చెప్పారు. చెప్పిన మూడుసార్లూ, బోరు మాత్రం ఈశాన్యంలోనే వేద్దామన్నారు. ఆయన చర్చి సెక్రటరీ. గుంటూరు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. తెల్ల చొక్కా నలగనివ్వరు, మాట తూలనివ్వరు, పట్టిన పట్టు విడవరు.

"మనకు అట్టాంటివి లేవమ్మా బ్యూలా. కాకపోతే నలుగురూ పాటించేది మనమూ పాటిస్తే పోయేదేముంది?" అన్నారు.

పోయేదేముందో నాకు తెలుసు. ఈశాన్యంలో అప్పటికే రెండు బోర్లు వేశారు. రెండూ దుమ్ము కక్కాయి. చర్చి వెనక ఆడపిల్లల హాస్టల్ ఉంది, నలభై ఇద్దరు పిల్లలు. పాత బోరు మార్చిలోనే ఎండిపోయింది. నెలాఖరులోగా నీళ్ళు పడకపోతే హాస్టల్ మూసి పిల్లలను ఊళ్ళకు పంపేస్తామని కమిటీ తీర్మానించింది. అట్లా పంపిన ఆడపిల్లలు మళ్ళీ చదువుకు తిరిగొస్తారని నాకు ఎవరూ చెప్పొద్దు. నేను పదేళ్ళు ఆ హాస్టల్లో పెరిగినదాన్ని. వెళ్ళి రానివాళ్ళ పేర్లు ఇంకా గుర్తున్నాయి. ఇక ఒకే ఒక్క బోరుకు అనుమతి దొరికింది.

రాళ్ళను చూసి నీళ్ళ జాడ చెప్పడం నా ఉద్యోగం. ఊరందరికీ చెప్పి సొంత చర్చికి చెప్పలేకపోతే ఆ చదువెందుకు? రెండు రోజులు కాంపౌండంతా తిరిగాను. వంటగది వెనక నుంచి గేటు దాకా, స్థలాన్ని కోసినట్టు అడ్డంగా, నల్లటి గుండ్రాళ్ళ వరుస ఒకటి ఉంది. చిన్నప్పుడు మేము బట్టలు ఆరేసింది వాటి మీదే. మిగతా రాయంతా ఎర్ర గ్రానైటు. అప్పుడు ఏ రాయైతేనేం అనుకునేదాన్ని.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీని, పిల్లలను ఆ రాళ్ళ దగ్గరకు తీసుకొచ్చి చెప్పాను.

"ఈ గ్రానైటు వయసు దాదాపు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళు. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు, హిమాలయాల ఊసే లేదు. నేల లోపల మైళ్ళ లోతున నిదానంగా చల్లారి గట్టిపడిన రాయి ఇది. తర్వాత నేల సాగి పగిలింది. ఆ పగులులోకి కింది నుంచి కరిగిన రాయి ఎగదన్నుకొచ్చి, అక్కడే బిగుసుకుని నల్ల గోడైంది. పైనున్న మైళ్ళ మందం రాయిని కోట్ల ఏళ్ళు ఎండా వానా కలిసి అరగదీశాయి. ఈలోగా మన దేశమంతా దక్షిణాన్నుంచి సముద్రం దాటొచ్చి ఆసియాను గుద్దుకుంది, ఈ గోడ కూడా వెంటే వచ్చింది. ఇప్పుడు దాని తల మన వంటగది వెనక బయటపడింది."

"అయితే నీళ్ళు సుత అంత పాతయేనా అక్కా?" అని తొమ్మిదో తరగతి సింధూర అడిగింది.

"నీళ్ళు నిరుటి వానవే. గోడ పాతది. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. రాతి పగుళ్ళలో దిగివచ్చే నీళ్ళను ఈ గోడ నైరుతి వైపే ఆపేస్తుంది. మనం వేసిన బోర్లు గోడకు అవతల పడ్డాయి. ఈసారి నైరుతి మూలన వేయాలి."

ఇల్లు కట్టిన వాడెవడైనా నైరుతిలో గొయ్యి తీస్తాడా? అబ్రహాం అంకుల్ కళ్ళజోడు తీసి తుడిచారు.

"నైరుతిలో గొయ్యి తీస్తే యజమానికి గండమంటారమ్మా. మనకు నమ్మకం లేదనుకో," అన్నారు.

అప్పటిదాకా వెనక నిలబడ్డ డోరా ఆంటీ ముందుకొచ్చింది. ముప్పై ఏళ్ళుగా హాస్టల్ వార్డెన్, నన్ను పెంచింది ఆమే.

"ఈ జాగకు యజమాని ఎవరు సార్? ప్రభువే గదా. ఆయనకేం గండమొస్తదో జెర మనం సుత చూద్దాం," అంది.

అబ్రహాం అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని, సరే అక్కడే వేయమన్నారు. నవ్వాపుకోవడానికి నేను రాళ్ళవైపు తిరగాల్సివచ్చింది.

గురువారం పొద్దున్నే బోరు బండి వచ్చింది. బండి మేస్త్రీ మునీర్. పద్మారావు నగర్ నుంచి తిరుమలగిరి దాకా తాను బోరు వేయని గల్లీ లేదంటాడు. గోడకు నలభై అడుగుల దూరంలో నేను సున్నం చుక్క పెట్టాను. అంత దూరముంటే గోడ తగలదు, దాని పక్కనున్న పగుళ్ళు మాత్రం తగులుతాయని నా లెక్క. రెండు వందల అడుగుల దాకా ఎర్రటి పొడే వచ్చింది. రెండు వందల ముప్పై దగ్గర పొడి నల్లగా మారింది.

మునీర్ బండి ఆపేశాడు. "నల్ల పొడొచ్చిందంటే ఖతం మేడం. డ్రిల్లు బిట్టు అరుగుడు తప్ప ఫాయిదా లేదు. ఏడ సూసినా గిట్లనే అయితది."

అక్కడ నల్ల రాయి రాకూడదు. వచ్చిందంటే రెండే కారణాలు. గోడ నేననుకున్నట్టు నిలువుగా లేక ఇటే వాలి ఉండాలి. అలాగైతే ఎంత లోతుకెళ్ళినా గోడే, ఇక నీళ్ళు రావు. లేదంటే ఇది గోడ నుంచి చీలిన సన్నటి కొమ్మ అయ్యుండాలి. అప్పుడు దాని కింద మళ్ళీ గ్రానైటు, గ్రానైటులో పగుళ్ళు, పగుళ్ళలో నీళ్ళు. కమిటీ అంతా నా మొహమే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పి బయటపడొచ్చు, నేల మీదికి నెట్టేస్తే నేల ఎదురు చెప్పదు. కానీ పిల్లలు కిటికీల్లో నిలబడి ఉన్నారు.

"లెక్క తప్పాను అంకుల్," అన్నాను. "ఇది ఇక్కడ ఉంటుందనుకోలేదు. ఇంకో ఇరవై అడుగులు వేయనివ్వండి. ఐదడుగులకోసారి ముక్క చూస్తాను. పాకం త్వరగా చల్లారితే సన్నటి పలుకు, నిదానంగా చల్లారితే పెద్ద పలుకు. రాయి కూడా అంతే, మందపు గోడ నిదానంగా చల్లారుతుంది, సన్నటి కొమ్మ త్వరగా. ముక్కల్లో పలుకు పెద్దదైతే ఇది గోడే, బండి నేనే ఆపిస్తాను. సన్నగానే ఉంటే కొమ్మ, దాటి వెళ్ళాలి."

"హామీ ఉందా అమ్మా?"

"లేదంకుల్."

ఆయన "కానివ్వు," అన్నారు. మునీర్ నన్నో చూపు చూసి బండి షురూ చేశాడు.

ఐదడుగులు. దోసిట్లో ముక్కలు పట్టి, కడిగి, భూతద్దం కింద పెట్టాను. సన్నటి పలుకు. పదడుగులు, సన్నదే. పదిహేను దగ్గర ముక్కలు మునీరే పట్టి తెచ్చాడు. సన్నదే. బిట్టు అరుగుతోందని గొణిగాడు కానీ ఆపలేదు. ఇరవయ్యో అడుగున పొడి మళ్ళీ ఎర్రబడింది.

ఇక నేను ఆపలేదు, ఆపమని ఎవరూ అడగలేదు. మూడు వందల పది అడుగుల దగ్గర పొడి ముద్దైంది, తర్వాత బురదైంది, ఆ తర్వాత నీళ్ళు హాస్టల్ మొదటి అంతస్తు ఎత్తుకు లేచాయి. పిల్లలు మెట్ల మీంచి దొర్లినట్టు పరుగెత్తుకొచ్చారు. అబ్రహాం అంకుల్ చొక్కా బురద బురదైంది. ఆయన పక్కకు జరగలేదు.

డోరా ఆంటీ తడుస్తూ నా పక్కకొచ్చి నిలబడింది.

"నీళ్ళు పడతయని నాకు నమ్మకం లేకుండె బ్యూలా," అంది మెల్లగా.

నాకు అర్థం కాలేదు. "మరి మొన్న అందరి ముందు అంత గట్టిగ మాట్లాడితివి?"

"నైరుతంటే నాకు సుత భయమే. రాత్రుల్లు నిద్ర లేదు. కానీ అంతమందిల నువ్వు ఒక్కదానివి నిలబడి మాట్లాడుతున్నవ్. పెంచినదాన్ని, పక్కకొచ్చి నిలబడకుంటె ఎట్ల?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె అదేమీ పట్టించుకోకుండా, నీళ్ళు వృథాగా పోతున్నాయని, బిందెలూ బకెట్లూ తెమ్మని పిల్లల మీద కేకలేయడం మొదలుపెట్టింది.