అడుగున మిగిలిన మడ్డి

టమాటా ఆకుల్ని వేడినీళ్ల తొట్టిలో పెట్టీ పెట్టీ మూడేళ్లుగా నా ప్రాణం విసిగిపోయింది. వేడి తగిలితే కణం ప్రొటీన్ల తయారీ ఆపేస్తుంది. చల్లబడితే చప్పున మళ్లీ మొదలెడుతుంది. ఏ ప్రొటీన్ చేయాలో చెప్పే చీటీ లాంటిది ఆర్‌ఎన్‌ఏ. ఆ మధ్యలో అది ఎక్కడికి పోతోంది? చూపిస్తేనే నాకు పీహెచ్‌డీ. ఈ 1984 జూన్ నెలాఖరుకు ఫెలోషిప్ ఆఖరు. ఆర్‌ఎన్‌ఏను లెక్కపెట్టడానికి బొంబాయి నుంచి తెప్పించిన మందు కూడా మొన్నటి ప్రయోగంతో అయిపోయింది, మళ్లీ చేద్దామన్నా చుక్క లేదు.

"రాహేలూ, నువ్వే యాడనో ఒలకబోసినవ్," అంటారు మా గైడు రాజేశ్వర్ రావు సారు. ఒలకబోయడానికి అదేమన్నా చారా! ఆకురసాన్ని గొట్టాల్లో పోసి యంత్రంలో గిర్రున తిప్పితే పైన తేట, అడుగున మడ్డి. "తేటనే లెక్కవెట్టు. మడ్డి పారబొయ్యి, చెత్తల ఏముంటది?" ఇది ఆయన శాసనం. నేనూ తలూపాను, బుద్ధిలేనిదాన్ని.

ఆ పొద్దున ల్యాబు అటెండరు కొమురెల్లి మీద విరుచుకుపడ్డాను. "రెండు రోజులైంది అన్నా, ఫ్రిజ్‌ల గొట్టాలు మడ్డితోని అట్లనే ఉన్నయ్. జీతం ఎందుకు తీస్కుంటున్నవ్?" నాకంటే పెద్దవాడు, రోజూ వర్ధన్నపేట నుంచి బస్సులో వస్తాడు. గొట్టాల బుట్ట తీసుకెళ్లాడు.

మధ్యాహ్నం మళ్లీ లెక్కేశాను. వేడి తగిలిన ఆకుల తేటలో సగం ఆర్‌ఎన్‌ఏ లేదు. కాగితం నలిపి గోడకేసి కొట్టాను. కొమురెల్లి చాయ్ తెచ్చి పెట్టాడు. పొద్దున అన్న మాటకు సిగ్గేసి, "విత్తనం పెట్టినవా అన్నా?" అని అడిగాను.

"యాడిదమ్మా! ఎండలు మండుతానయ్. ఇప్పుడేస్తె మాడిపోతయ్. బూడిద కలిపి కుండల దాసిన. వాన పడ్డనాడు తీసుడే, ఏసుడే."

గ్లాసు నోటి దగ్గరే ఆగింది. కణం కూడా దాచుకుంటోందేమో! వేడి తగిలిన ఆకుల్లో మాత్రమే సూక్ష్మదర్శినిలో నాకు ఎప్పుడూ కనబడే గింజల్లాంటి చుక్కలు... బరువైనవి తిప్పితే ఎక్కడికి చేరతాయి? అడుగుకే. ఆ మడ్డిలోకే!

"అన్నా, గొట్టాలేవి? మొన్నటి గొట్టాలు?"

అతని ముఖం వెలిగింది. బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మీరు కోపం జేసిండ్రని సబ్బేసి, బ్రష్ వెట్టి, అడుగుదాక రుద్దిన. సూడుండ్రి, ఒక్క మరకుంటె నా పేరు కొమురెల్లి కాదు."

ఒకటి తీసి వెలుతురుకు పట్టాను. తళతళలాడుతోంది. నా నోటిదురుసు తగలెయ్య! ఇరవై రెండు గొట్టాలూ ఒక్కొక్కటే చూశాను. మూడేళ్లలో ఒక్కసారీ నేను అనని మాట కోసం అతను పక్కనే నిలబడి ఉన్నాడు.

"మంచిగ కడిగినవ్ అన్నా," అన్నాను.