నాలుగడుగులు జరిగిన హోటలు

పైపుల బాబాయి పొద్దున్నే పానా భుజాన వేసుకుని అడవిలో హోటలు చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు. ఎక్కడ జాయింటు ఊడి నీళ్లు కారుతుంటే అక్కడ హోటలు జరిగిందన్నమాట. ఆ అడవిలో ఏ ప్రాణి గూడు పెట్టుకున్నా హోటలు కాస్త పక్కకి జరిగి చోటిచ్చేది. పిట్టకైతే జానెడు, తాబేలు గుడ్లకైతే మూరెడు. పిల్లలు పెద్దవై వెళ్లిపోయేదాకా ఆ చోటు వాటిదే. అతిథులకి పక్షుల్ని చూపించే పిట్టల మాస్టారు వచ్చి చుట్టూ తాడు కట్టేవాడు. బాబాయి పైపు అతికించి, "దీనికి ఒక్కచోట కాలు నిలవదు కదా" అని గోడని తిట్టి టీకి వెళ్లిపోయేవాడు.

మిగతా పనులన్నీ పద్ధతిగా సాగేవి. తాగే నీళ్లు గాజు సీసాల్లో, స్నానానికి ఎండకి కాగిన నీళ్లు, తువ్వాళ్లు మూడురోజులకోసారి మార్పు. చిరిగిన తువ్వాళ్లని లాండ్రీ అక్క తుడుపుగుడ్డలుగా కత్తిరించాలి. ఈమధ్య ఆమె కత్తిరించడం లేదు. మెత్తగా అరిగినవి ఏరి, లాండ్రీ వెనక తనుండే ఇరుకు గదిలో మంచం కింద దాస్తోంది. ఆమెకి ఆరో నెల.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పని వెతుక్కుంటానని వెళ్లిన మొగుడు పత్తా లేడు. ఇంతకుముందు పనిచేసిన చోట కడుపు కనపడగానే పంపేశారు. దిక్కు తోచక తిరుగుతుంటే ఆ బిడ్డ దక్కలేదు. అందుకే ఇప్పుడు వదులుగా ఏప్రాను కట్టుకుని, తడిదుప్పట్ల బుట్ట తనే ఎత్తుకునేది. పని పోతే గదీ పోతుంది, గది పోతే ఈ బిడ్డా పోతుందని ఆమె భయం.

ఒకరోజు సరిగ్గా టీ వేళకి హోటలు నాలుగడుగులు జరిగింది. ఏడుచోట్ల పైపులు ఊడాయి.

"నాలుగడుగులే! ఏనుగేమైనా గుడ్డు పెట్టిందా మాస్టారూ?" అన్నాడు బాబాయి, తడిసి ముద్దయి.

"నాకూ అంతు చిక్కట్లేదయ్యా" అన్నాడు మాస్టారు. దుర్భిణి పట్టుకుని చెట్లన్నీ గాలించాడు. మేనేజరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని పొదలన్నీ వెతికింది. గూడు లేదు, గుడ్డు లేదు. తాడు ఎక్కడ కట్టాలో తెలీక మాస్టారు దాన్ని మెళ్లో వేసుకుని తిరిగాడు.

మధ్యాహ్నానికి బాబాయే కనిపెట్టాడు. లాండ్రీ వెనక పైపు చూద్దామని వెళ్తే, ఇరుకు గది కాస్తా విశాలంగా ఉంది. హోటలంతా వెనక్కి తగ్గి, మంచం పక్కన ఉయ్యాలకి సరిపడా చోటు వదిలింది. మంచం కింద మెత్తటి తువ్వాళ్లు గుండ్రంగా సర్ది ఉన్నాయి. లాండ్రీ అక్క బుట్టతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎన్నో నెలమ్మా?" అన్నాడు బాబాయి.

"ఆరు. మేడంగారికి చెప్పకు బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా."

"నేనేం చెప్తానే పిచ్చిదానా, హోటలే చెప్పేసిందిగా" అంటూ ఆమె చేతిలో బుట్ట లాక్కున్నాడు. అప్పటికే మేనేజరమ్మ, మాస్టారు వెనక నిలబడి ఉన్నారు.

మేనేజరమ్మ తువ్వాళ్లని చూసింది, జరిగిన గోడని చూసింది, ఏప్రాను వైపు చూసింది. లాండ్రీ అక్కకి ఏడుపు ఆగలేదు.

"సామాను సర్దుకోమంటారా మేడం?"

"ఎక్కడికే సర్దుకునేది?" అంది మేనేజరమ్మ కోపంగా. మరుక్షణమే గొంతు తగ్గించి, "ఈ హోటల్లో గూడు కదిపే అలవాటు లేదు. ఇంకెప్పుడూ ఆ బుట్ట ముట్టుకోకు" అంది. తర్వాత మాస్టారు వైపు తిరిగింది.

"పిల్లలు ఎగిరేదాకా చోటు వాళ్లదే కదా. ఈ జాతికి ఎన్నాళ్లు పడుతుంది మాస్టారూ?"

మాస్టారు వేళ్లు మడిచి లెక్కేశాడు. "ఇరవై ఏళ్లు రాసుకోండి మేడం."

మేనేజరమ్మ అలాగే రాసుకుంది.