చిరిగిన రెక్క ఎటు వాలుతుంది

ఆ శుక్రవారం చెక్ దేశంలోని బ్ర్నో నగరపు ఆఫీసులో లిబూషె సగం తిన్న రొట్టె ముక్క పక్కకి నెట్టేసింది. వాళ్లు తయారుచేసిన యుద్ధ విమానాల కంప్యూటర్ ఆట సోమవారం విడుదల కావాలి. దెబ్బ తిన్న విమానం ఎలా ఎగరాలో మూడేళ్లు కూర్చుని లెక్క కట్టింది ఆమే. ఆ లెక్కలో ఒక్కచోట గొడవ వచ్చిపడింది. రెక్క మీది రేకు చిరిగాక, మంచి వేగంలో విమానం నడిపే స్టిక్ కుడికి తిప్పితే విమానం ఎడమకి వాలుతుంది. బిగువు పోయిన రెక్క మెలిపడి ఎదురు తిరుగుతుందని ఆమె వాదన. ఆడి చూసినవాళ్లు మాత్రం తిట్టిపోశారు.

"ఎక్కడో ప్లస్సుకి మైనస్ పెట్టావు, ఒప్పుకోవమ్మా," అన్నాడు పై అధికారి ఓటకర్.

"చచ్చినా ఒప్పుకోను. నిజం విమానం అంతే."

"నువ్వెప్పుడైనా నడిపావేంటి? ట్రామ్ మలుపు తిరిగితేనే నీకు వాంతులు!"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఊరి బయట ఇంజను లేని గ్లైడర్ విమానాల క్లబ్బులో వాన్హారా అనే ఎనభై నాలుగేళ్ల పెద్దాయన ఉన్నారు, ఒకప్పటి ఫైటర్ పైలట్. ఆయన్ని పిలిచి ఆట ఆడించాలి, ముందుగా మాత్రం ఏమీ చెప్పకూడదు. విమానం నిలబెడితే లిబూషె లెక్క ఉంటుంది, కూలిస్తే సాయంత్రానికి తీసేస్తారు.

వాన్హారా గారు ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు గుమ్మం దగ్గరే బూట్లు విప్పేశారు. ఎంత వద్దన్నా వినలేదు. ఆట కుర్చీలో కూర్చుని, ఊలు మేజోళ్లతోనే పెడళ్ల మీద కాళ్లు ఆన్చి, "ఊ, కానివ్వండి," అన్నారు.

తెర మీద ఎడమ రెక్క రేకు ఫట్‌మని లేచిపోయింది. విమానం ఎడమకి ఒరిగింది. ఎవరి చెయ్యయినా కుడికే పోతుంది. ఆయన చెయ్యి మాత్రం క్షణం ఆలోచించకుండా ఎడమకి పోయింది! లిబూషె గుండె గంతేసింది. అంతలోనే విమానం గిరుక్కున తలకిందులై, ఎడమకే దొర్లుకుంటూ వెళ్లి పొలంలో కూలింది.

లిబూషె తెర దగ్గరికి వంగి చూసింది. మూడేళ్ల పని మట్టిలో కలిసిపోయింది. తన లెక్కే తప్పా?

"ఇదేం విమానం?" పెద్దాయన బల్ల గుద్దారు. మొహం కందగడ్డలా ఉంది. "ఆ వేగంలో ఎడమకి తిప్పితే కుడికి లేవాలి! నా చేత్తో లేపాను నేను! ఈ దిక్కుమాలిన లెక్క రాసిందెవరు?"

ఓటకర్ మెడ గోక్కున్నాడు.

"నేనేనండీ. ఇందాక మైనస్ తీసి ప్లస్ పెట్టాను. పెద్దాయన వస్తున్నారు, ఆయన ముందు మన పరువెందుకు పోవాలని..."

"ఓటకర్!" లిబూషె అరిచిన అరుపుకి పక్క గదివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆమె వేళ్లు కీబోర్డు మీద ఎగిరాయి. మైనస్ మళ్లీ తన చోటికి వచ్చింది.

"ఇంకొక్కసారి కూర్చోండి తాతగారూ!"

రెక్క చిరిగింది. స్టిక్ ఎడమకి తిప్పారు. విమానం వణుకుతూ కుడికి లేచి నిటారయింది. పెద్దాయన ఇంజను జోరు తగ్గించారు. వేగం పడిపోయేకొద్దీ మెలి వదిలింది, స్టిక్ మళ్లీ మామూలుగా మాట వింది. చక్రాలు నేలని తాకగానే గదంతా ఈలలతో మోగింది. లిబూషె ఏడుస్తూ నవ్వుతూ ఆయన భుజాలు పట్టుకుని ఊపేసింది.

"ఈ లెక్క తీసేవాడు నన్ను దాటుకుని పోవాలి," అన్నాడు ఓటకర్ సిగ్గుపడుతూనే.

పెద్దాయన మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. "అరవై ఏళ్లయింది. ఇంకో విమానం రాసుకుపోతే నా రెక్క ఇలాగే చిరిగింది. దింపుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. విచారణ చేసినవాడు నేనే కంగారులో స్టిక్ తప్పు వైపు తిప్పానని రాశాడు, రెండేళ్లు నన్ను ఎగరనివ్వకుండా నేల మీద కూర్చోబెట్టారు." కళ్లు తుడుచుకున్నారు. "ఆ రాసినవాడు ఇంకా బతికే ఉన్నాడమ్మాయ్. రోజూ క్లబ్బులో నా ఎదురుగానే కూర్చుని బీరు తాగుతాడు. వాణ్ణి ఈ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఇవాళే!"

ఓటకర్ అప్పటికే జేబులోంచి ఫోన్ తీశాడు. "నంబరు చెప్పండి."