ఖైరూన్ పెళ్లి పరదా

నేను ఒక పరదాను. చీరాల మగ్గం మీద పుట్టి, ఆకుపచ్చ రంగులో మునిగి, నంద్యాల దూదేకుల వీధి మసీదు పెట్టెలోకి చేరాను. వీధిలో ఎవరి నికాహ్ అయినా నేను వేలాడాల్సిందే. ఇటు మగవాళ్లు, అటు ఆడవాళ్లు. ఇటు బిర్యానీలో ఉప్పు చాలిందా అన్న బెంగ, అటు నగల ముచ్చట. పెళ్లికూతురి మనసు సంగతి ఎవరికీ పట్టేది కాదు.

ఒక్క కాజీ సాబ్ మాత్రం సాక్షులతో నా దగ్గరికొచ్చి, "ఈ సంబంధం ఇష్టమేనా బిడ్డా?" అని అడిగేవాడు. తొలి పెళ్లి పిల్ల సిగ్గుతో నోరు విప్పకపోతే ఆ మౌనమే ఒప్పుదల అని ధర్మశాస్త్రం. సిగ్గరి పిల్లలకు అది మేలే చేసింది, కాదనను.

ఖైరూన్‌కు చేటు చేసింది. ఆమెకు పెళ్లే వద్దు. వీధి ఆడపిల్లలను వసారాలో కూర్చోబెట్టుకుని ఖురాన్ చదివించడమే ఆమెకు ప్రాణం. పరుపులు కుట్టే మౌలాలి ఆమె తండ్రి. మంచివాడే, కాకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

"పెండ్లి మానుకొని సన్యాసం చేసేది మన దీన్‌లో లేదమ్మా. నికాహ్ అంటే సగం దీన్, సగం ధర్మం."

"మిగతా సగం చేసుకుంటా ఉండా గదా నాయనా."

ఆ మాట చెవిన పెట్టకుండా ఆయన తేదీ పెట్టేశాడు.

ఆ రోజు కాజీ సాబ్ అడిగాడు. ఖైరూన్ వద్దని తల అడ్డంగా ఊపింది, గట్టిగానే ఊపింది. అవతలివాళ్లకు కనబడకుండా మధ్యలో నేనున్నాను. మేనత్త జైబూన్ చూసింది. చూసి కూడా, "సిగ్గుపడతాంది సాబ్, కానీండి" అంది. నికాహ్ అయిపోయిందని ఖర్జూరాలు పంచేశారు. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

బళ్లారిలో మొగుడు చెడ్డవాడేం కాదు. కానీ ఆ కాపురంలో ఆమెకు పుస్తకం తెరిచే తీరిక చిక్కలేదు. చెంపలు నెరిశాక, అతను పోయి, పుట్టింటికి వచ్చింది. భర్త పోయాక ఆగాల్సిన ఇద్దత్ గడువు ముగిసీ ముగియగానే ముసలి మౌలాలి మళ్లీ సంబంధం తెచ్చాడు. మళ్లీ నన్ను కట్టారు. కాజీ సాబ్ వణికే గొంతుతో అదే ప్రశ్న అడిగాడు. ఆమె పలకలేదు.

"మొగుడు పోయిన మనిషి నోటితో చెప్పాల బిడ్డా. ఊరికే ఉంటే చెల్లదు."

"ఒద్దు సాబ్" అంది ఖైరూన్. "అప్పుడు గూడా ఒద్దనే తల ఊపితి. మీరు జూడలేదు."

కాజీ సాబ్ నికాహ్ పుస్తకం మూసేశాడు. తర్వాత లేచి పెళ్లివారిని పంపించేశాడు. మౌలాలి ఎగిరిపడ్డాడు.

"నికాహ్ ప్రవక్త చూపిన సున్నతే మౌలాలీ. ఆయమ్మకు ఇష్టం లేకపోతే అది నికాహే గాదు" అని, తన చేతులతోనే నన్ను విప్పి ఖైరూన్‌కు ఇచ్చేశాడు. "ఇంక నాకిది అడ్డం వద్దు తల్లీ."

మర్నాడు ఆమె నన్ను వసారాలో చాపలా పరిచింది. ఆనాటి పిల్లలు తల్లులైపోయారు. వాళ్ల కూతుళ్లు ఆటోల్లో ఊరవతలి పెద్ద మదర్సాకు పోతున్నారు. ఎండ గడప దాటి లోపలికొచ్చేదాకా ఎదురుచూసి, ఆమె ఒక్కతే కూర్చుని పుస్తకం తెరిచింది. ఇప్పటికీ రోజూ నన్ను దులిపి, పదిమందికి సరిపోయేలా పరుస్తుంది.